మేం అంటే ఏడుపు, మనం అంటే నవ్వు

ఫాల్గుణం వచ్చిందంటే రేగొండ మండలంలో ఏ వాకిట్లో విన్నా కొడవటంచ జాతర ముచ్చటే. ఎవరెవరు పోవాలి, ఏ పూట పోవాలి, ఎండకు చిన్నపిల్లలను తీసుకుపోవాలా వద్దా అని ఇంటింటా లెక్కలు నడుస్తాయి. అలాంటి ఒక పూట తల్లి తన మూడేళ్ళ కూతురికి తల దువ్వుతూ "మేం జాతరకు పోయొత్తం బిడ్డా" అంటుంది. "నువ్వు అవ్వకాడ ఉండు" అనే మాట ఇంకా నోట్లోనే ఉంది. పిల్ల అప్పటికే మూతి విరిచింది, కళ్ళ నిండా నీళ్ళు. తల్లి మనసు కరిగి "ఊకో బిడ్డా, మనం పోదాం తియ్యి, మనం!" అంటుంది. ఏడుపు టక్కున ఆగిపోతుంది.

మేం, మనం. ఆ పిల్ల పట్టుకున్నది ఈ రెండు మాటల మధ్య తేడాను. ఇంకో సంగతి ఉంది. అదే తల్లి పక్కింటామెతో "రేపు మేం జాతరకు పోతానం" అంటే ఆ పిల్ల ఏడవదు. ఆ మేంలో తానూ ఉన్నానని ఆమెకు తెలుసు. అక్కడ లెక్కలో లేనిది పక్కింటామె. మేం అన్న మాట ఎవరితో అంటే వాళ్ళను పక్కన పెడుతుంది, మనం అన్న మాట వాళ్ళను కలుపుకుంటుంది. వినే మనిషి మారితే మాట లోపలి మనుషులూ మారతారు. ఇంగ్లిషులో, హిందీలో ఈ రెండింటికీ ఒకటే మాట కాబట్టి, ఆ భాషల నుంచి తెలుగుకు వచ్చే పెద్దలు ఇక్కడ తడబడుతూనే ఉంటారు. తమిళం, మలయాళం వంటి సోదర భాషల్లో ఈ తేడా ఉంది, వాడుక కన్నడంలో పోయింది. పలక కూడా పట్టని పిల్లకు ఇంత సూక్ష్మం ఎవరు నేర్పారు? తల్లిని అడిగితే ఆశ్చర్యపోతుంది. తాను నేర్పలేదు. అసలు అలాంటి తేడా ఒకటి ఉందని ఆమె ఎప్పుడూ అనుకోనే లేదు.

భాష నేర్వడమంటే మాటలు కూడబెట్టుకోవడమని చాలామంది అనుకుంటారు. మాటలు అందులో ఒక భాగమే. ధ్వనులను విడదీసి వినాలి, పలకాలి. మాటకు అర్థం కట్టాలి. మాట చివర ఏది చేరితే ఏమవుతుందో పట్టుకోవాలి. మాటలను వరుసలో పేర్చాలి. ఎవరితో ఎట్లా మాట్లాడాలో తెలుసుకోవాలి. పసిపిల్లలు ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా నేర్చుకోరు. మగ్గం మీద పడుగూ పేకా ఒకేసారి పడ్డట్టు అన్నీ కలిసే సాగుతాయి.

మొదలు ఎక్కడంటే, తల్లి కడుపులో. కొడవటంచలో కొలువైన లక్ష్మీనరసింహస్వామి కథలో ఈ ముచ్చట ఉండనే ఉంది. ప్రహ్లాదుడు లీలావతి గర్భంలో ఉండగానే నారదుడి మాటలు విన్నాడని ఈ ప్రాంతపు కవి, జనగామ జిల్లా బమ్మెరకు చెందిన పోతన తెలుగు చేసిన భాగవతం చెబుతుంది. కథ సంగతి అలా ఉంచితే, గర్భంలో బిడ్డ వింటుందన్నది మాత్రం పరీక్షకు నిలిచిన విషయం. అమెరికా పరిశోధకుడు ఆంథొనీ డికాస్పర్ 1980లో, పుట్టి మూడు రోజులు కూడా నిండని శిశువులు పరాయి స్త్రీ గొంతు కన్నా తల్లి గొంతునే కోరుకుంటారని చూపాడు. పాలపీక చప్పరించే వేగాన్ని మార్చుకుని మరీ ఆ గొంతును రప్పించుకున్నారు. 1986లో మరో అడుగు ముందుకు వేసి, నెలలు నిండే రోజుల్లో తల్లి పదే పదే పైకి చదివిన కథను బిడ్డ పుట్టాక గుర్తు పడుతుందని తేల్చారు. గర్భంలోకి మాటలు స్పష్టంగా చేరవు. గోడ అవతల మాట్లాడుతున్నట్టు, మాట రాగం మాత్రం చేరుతుంది. 2009లో ఫ్రెంచి, జర్మన్ తల్లులకు పుట్టిన పసికందుల ఏడుపులను పోల్చి చూస్తే, ఫ్రెంచి బిడ్డల ఏడుపు కింది నుంచి పైకి, జర్మన్ బిడ్డల ఏడుపు పై నుంచి కిందికి సాగింది. ఆ రెండు భాషల మాట తీరూ అదే.

పుట్టిన బిడ్డ చెవి ప్రపంచంలోని ఏ భాషకైనా సిద్ధంగా ఉంటుంది. ఆ తర్వాత జరిగేది ఏరివేత. దీన్ని చూపిన పరిశోధన మనకు మరీ దగ్గరిది, ఎందుకంటే అందులో వాడిన ధ్వనులు ట, త. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఇంగ్లిషు ఇళ్ళలో పెరిగే శిశువులకు హిందీ ట, త ధ్వనులు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడాను తేలిగ్గా పట్టారు. పది నుంచి పన్నెండు నెలలు వచ్చేసరికి అదే ఇళ్ళ పిల్లలకు ఆ తేడా దాదాపు వినబడలేదు. వాళ్ళ భాషలో దానితో పని లేదు, చెవి వదిలేసింది. రేగొండ పిల్లకు మాత్రం ఆ తేడా లేకపోతే పూట గడవదు. కోట వేరు, వరికోత వేరు. పాట వేరు, పాత వేరు. గడికీ గడ్డికీ మధ్య ఉన్నది ఒక్క ఒత్తే. ఏడాది నిండేలోపు ఆమె చెవి తెలుగు చెవిగా మారిపోతుంది.

నోరు చెవి వెంట నింపాదిగా వస్తుంది. రెండో నెలలో ఉంగా ఉంగా అంటుంది. ఆరేడు నెలలకు బబబ, మమమ, దదద మొదలవుతాయి. పెదవులు కలిపి విడిస్తే వచ్చేవి, నాలుక కొస పంటికి తగిలిస్తే వచ్చేవి ముందు. అందుకే కాబోలు మన ఇంటి మాటలన్నీ ఈ కొద్ది ధ్వనులతోనే కట్టినవి: అమ్మ, అవ్వ, అన్న, అత్త, తాత, బాపు. రష్యాలో పుట్టిన భాషావేత్త రోమన్ యాకబ్సన్ 1960లో ఈ సంగతినే విడమరిచి చెప్పాడు. బిడ్డ ఊరికే మమమ అంటుంది, పక్కనున్న పెద్దవాళ్ళు తమనే పిలిచిందని మురిసిపోతారు, అదే పేరుగా స్థిరపడుతుంది. జార్జియా దేశపు భాషలో మామ అంటే తండ్రి. అక్కడ తండ్రులే ముందు మురిసిపోయారేమో!

పెద్దవాళ్ళు కూడా ఒక మెట్టు దిగి వచ్చి పిల్లల నోటికి సరిపడే చిన్న నిఘంటువు తయారు చేసిపెట్టారు. బువ్వ, లాల, బజ్జో, జోజో, కక్క, చిచ్చి. వీటిలో సంయుక్తాక్షరం ఒక్కటి దొరకదు. ద్విత్వం ఉంటుంది, లేదంటే ఒకే అక్షరం రెండుసార్లు వస్తుంది. వేడినీళ్ళు కాచి, కాళ్ళు చాపి, బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని లాల పోసే అవ్వను కాసేపు గమనిస్తే ఇదంతా కనిపిస్తుంది. ఆమె గొంతు సన్నబడుతుంది, రాగం సాగుతుంది, మాట నెమ్మదిస్తుంది. "లాల పోసుకుందామా? పోసుకుందామా బిడ్డా?" అని అడిగి కాసేపు ఆగుతుంది. బిడ్డ ఉంగా అంటుంది. "అట్లనా! ఇంకేందవ్వా?" అంటుంది అవ్వ. మాటకు మాట బదులు ఇవ్వాలన్న మొదటి పాఠం ఆ నీళ్ళ ఆవిరి మధ్యే జరుగుతోంది. మనవరాలిని అవ్వా అని పిలవడం కూడా ఊరికే కాదు. తనను ఎట్లా పిలవాలో ఆ మాటనే బిడ్డకు తిప్పి అందిస్తోంది.

రెండేళ్ళ పిల్లల నోట కాకి తాతి అవుతుంది, రొట్టె లొట్టె అవుతుంది, సైకిల్ తైకిల్ అవుతుంది. గొంతు దగ్గర పుట్టే క కన్నా పంటి దగ్గర పుట్టే త తేలిక. నాలుక కొస అదరాల్సిన ర చాలా ఆలస్యంగా కుదురుతుంది. పిల్లలు అలాగే వింటున్నారని అనుకుంటే మాత్రం పొరపాటు. ఆట పట్టించడానికి పెద్దవాళ్ళు కూడా "అగో, తాతి!" అన్నారనుకోండి, పిల్లకు కోపం వస్తుంది. "తాతి కాదు... తాతి!" అని దిద్దుతుంది. చెవికి సరైన మాట తెలుసు, నాలుక ఇంకా అందుకోలేదు. 1960లో అమెరికాలో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ ఒక ఇంగ్లిషు పిల్లవాడి దగ్గర సరిగ్గా ఇదే గమనించి రాశారు. వాడు చేప అనే మాటను పలకలేడు, ఎదుటివాళ్ళు తనలా పలికితే ఒప్పుకోడు.

ఇక మాటలను విడదీయడం. కాగితం మీద మాటకూ మాటకూ మధ్య జాగా ఉంటుంది, నోట్లో ఉండదు. "ఏంజేత్తానవ్‌రా" అనేది చెవికి ఒకే దండ. దాన్ని ఎక్కడ తెంపాలో పసివాడికి ఎట్లా తెలుస్తుంది? 1996లో జెన్నీ శాఫ్రన్ బృందం ఎనిమిది నెలల శిశువులకు అర్థం లేని అక్షరాల ప్రవాహాన్ని రెండే రెండు నిమిషాలు వినిపించింది. ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం తప్పకుండా వస్తోందో, ఏది అప్పుడప్పుడే వస్తోందో పిల్లలు పసిగట్టారు. మన ఇళ్ళలో చూస్తే: బువ్వ తిందాం, బువ్వ పెట్టనా, బువ్వ అయిపోయింది. బు తర్వాత వ్వ వస్తూనే ఉంది, వ్వ తర్వాత మాత్రం తి, పె, అ అంటూ మారిపోతోంది. అంటే మాట అక్కడ తెగుతుంది. లెక్కలు రాని బిడ్డ లోపల లెక్క నడుస్తూనే ఉంది.

మాట దొరికాక అర్థం కోసం వెతుకులాట. తొలి పుట్టినరోజు అటూ ఇటుగా మొదటి మాట వస్తుంది, ఏడాదిన్నరకు యాభై మాటల దాకా పోగవుతాయి, కొందరికి ముందు, కొందరికి వెనక. అంబ అంటే మొదట ఆవు, ఆ తర్వాత బర్రె, మేక, నాలుగు కాళ్ళున్న ప్రతిదీ. తల నెరిసిన ప్రతివాడూ తాతే. తెలుగులో చుట్టరికాల పేర్లు మరీ చిక్కు. నాయిన చెల్లె అత్త, మేనమామ పెళ్ళామూ అత్తే. తాను అవ్వ అనే మనిషిని నాయిన కూడా అవ్వ అనే పిలుస్తాడు, ఎందుకంటే ఆ ఊళ్ళలో తల్లిని అవ్వ అనడం ఉంది. ఒకే మనిషి ఒకరికి అత్త, ఒకరికి అక్క, ఇంకొకరికి వదినె ఎట్లా అవుతుందో తేలడానికి చాలా ఏళ్ళు పడుతుంది. బడికి పోయే పిల్లలు కూడా అక్కడ తికమక పడుతుంటారు.

తెలుగు పిల్లల అసలు ప్రతిభ చూడాలంటే మాట తోక దగ్గర చూడాలి. మన భాషలో సరుకంతా చివర్లో ఉంటుంది. తిను అనే ఒక్క క్రియకు రేగొండ వాకిట్లో వినిపించే రూపాలు చూడండి: తింట, తిన్న, తింటాన, తినలే, తినను, తింటలేను, తినొద్దు, తినిపియ్యి. ఎవరు, ఎప్పుడు, అవునా కాదా, తానే తింటుందా ఇంకొకరు పెడతారా, ఇదంతా ఆ చివరి ఒకటి రెండు అక్షరాల్లోనే. మూడేళ్ళ పిల్ల వీటిలో చాలావాటిని తడుముకోకుండా వాడుతుంది. పిల్లికి, ఇంటికి అని కి చేర్చి, అన్నకు, తాతకు అని కు చేరుస్తుంది. ముందున్న అచ్చును బట్టి ఈ మార్పు జరుగుతుందని ఆమె తల్లిదండ్రులు కూడా చెప్పలేరు.

ఇది చిలకపలుకు అయితే పిల్లలు విన్నవే అనాలి. వాళ్ళు విననివి అంటారు. ఇల్లులు అంటారు. కాలులు అంటారు. చేతికి అనాల్సిన చోట చెయ్యికి, నోట్ల అనాల్సిన చోట నోరుల, చూసిన అనాల్సిన చోట చూడిన అంటారు. ఇల్లులు అన్న మాట ఆ ఇంట్లో ఏ పెద్దమనిషి నోటా రాలేదు. చెట్టు చెట్లు, పువ్వు పువ్వులు, బస్సు బస్సులు అని వినీ వినీ బహువచనానికి లు చేరాలనే సూత్రాన్ని పిల్ల తనంతట తానే తీసింది. ఇండ్లు, కాళ్ళు అనే మొండి మాటల దగ్గర కూడా అదే సూత్రం నడిపింది. తప్పులా వినిపించే ఆ మాటే ఆమె ఆలోచిస్తోందనడానికి సాక్ష్యం. ఇల్లులు అన్న పిల్లను చూసి నవ్వే ముందు పెద్దలు ఒక క్షణం ఆగి మెచ్చుకోవాల్సిన చోటు ఇది.

జీన్ బెర్కో 1958లో చేసిన పరీక్ష దీనికి పేరు పడింది. పిట్టలాంటి ఒక బొమ్మ గీసి, దానికి ఇంగ్లిషులో లేని వగ్ అనే పేరు పెట్టి, రెండోది చూపి ఇప్పుడు ఏమున్నాయని అడిగింది. నాలుగైదేళ్ళ పిల్లలు కూడా వగ్స్ అన్నారు. ఎన్నడూ వినని మాటకు బహువచనం కట్టారు. ఎవరింట్లోనైనా ఇది చేసి చూడవచ్చు. ఒక వింత బొమ్మ గీసి దీని పేరు టుమ్మ అనండి, పక్కన ఇంకోటి గీయండి. టుమ్మలు అనే మాట ఎవరూ అందించకుండానే వస్తుంది.

వద్దు, లేదు, కాదు. ఈ మూడూ పిల్లల నోట తొలి నాళ్ళ నుంచీ వినిపించేవే. లోయిస్ బ్లూమ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లో ఇంగ్లిషు పిల్లల మాటలు రాసుకుని, వాళ్ళు కాదనడంలో మూడు రకాలున్నాయని చెప్పింది: అక్కడ లేదని చెప్పడం, అక్కర్లేదని తోసేయడం, నిజం కాదని ఖండించడం. వాళ్ళకు మొదట్లో ఈ మూడింటికీ ఉన్నది ఒక్క నో. ఆమె ఎంతో శ్రమపడి విడదీసిన ఆ మూడింటికీ తెలుగు ముందే మూడు వేర్వేరు మాటలు పెట్టి ఉంచింది. గ్లాసులో పాలు లేవు, నాకు పాలు వద్దు, ఇవి పాలు కావు. మన పిల్లలు ఆలోచనలోని తేడాతో పాటే మాటలోని తేడానూ మోయాలి, మోస్తారు. అలాగే ఈడ, ఆడ, యాడ అనే మూడింటిలోనూ ఒక అందమైన అమరిక ఉంది. ఇటు, అటు, ఎటు. ఇట్ల, అట్ల, ఎట్ల. దగ్గరిదానికి ఒక అచ్చు, దూరానికి ఒకటి, ప్రశ్నకు ఒకటి. ఒక్కసారి ఆ తాళం చెవి దొరికితే డజను మాటల తలుపులు తెరుచుకుంటాయి.

తల్లిదండ్రులు తప్పులు దిద్దడం వల్ల భాష వస్తుందనే నమ్మకం గట్టిది. హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్ 1960లలో ఆడమ్, ఈవ్, సారా అని పేర్లు మార్చి ముగ్గురు పిల్లల మాటలను నెలల తరబడి రికార్డు చేయించాడు. 1970లో ఆయనా కామిల్ హాన్లన్ కలిసి ఆ రికార్డులను జల్లెడ పట్టి చూస్తే తేలిందేమిటంటే, తల్లులు వ్యాకరణాన్ని దిద్దడం అరుదు, నిజానిజాలనే దిద్దుతారు. మన ఇళ్ళలోనూ అంతే. "నాయిన ఇల్లుకు వచ్చిండు" అని పిల్ల అంటే, నాయిన నిజంగా వచ్చి ఉంటే, "అవునా, వచ్చిండా!" అంటారు. రాకపోతే "లేదు బిడ్డా, ఇంకా రాలే" అంటారు. ఇల్లుకు అన్న మాటను ఎవరూ పట్టించుకోరు. అయినా కొన్నాళ్ళకు అది ఇంటికి అయిపోతుంది.

పొగడ్త, దిద్దుబాటు, అనుకరణ, ఇవే భాషకు మూలమని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1957లో పుస్తకం రాశాడు. రెండేళ్ళకే భాషావేత్త నోమ్ చామ్‌స్కీ దాన్ని తీవ్రంగా ఖండించాడు. పిల్లలు వినేది కొంత, అనగలిగేది అనంతం, కాబట్టి భాషకు కావలసిన పునాది మనిషి పుట్టుకలోనే ఉండాలన్నాడు. ఆ ఆలోచన వెలుగులో తెలుగు వాక్యాన్ని విప్పి చూపినవాడు చేకూరి రామారావు. ఆయన తెలుగు వాక్యం 1975లో వచ్చింది. ఆ తర్వాత మైకేల్ టామసెల్లో వంటి పరిశోధకులు పుట్టుకతో వచ్చేది వ్యాకరణం కాదనీ, ఎదుటి మనిషి మనసును చదవగల శక్తి అనీ వాదించారు. ఈ వాదం ఇంకా నడుస్తూనే ఉంది. రెండు పక్షాలూ ఒప్పుకునేది ఒకటుంది: చుట్టూ మాట్లాడే మనుషులు లేకుండా ఏ బిడ్డకూ భాష రాదు.

దీనికి చేదు రుజువు మన చరిత్రలోనే ఉంది. అక్బరు చక్రవర్తి కొందరు పసిబిడ్డలను జనానికి దూరంగా ఒక ఇంట్లో ఉంచి, వాళ్ళ చెవిన మాట పడకుండా పెంచమన్నాడు. మనిషికి సహజమైన భాష ఏదో చూడాలని ఆయన కోరిక. ఏళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లలకు ఏ మాటా రాలేదు. ఆ ఇంటికి మూగ మహలు అని పేరు మిగిలింది. దీనికి ఎదురుగా నికరాగువా కథ నిలుస్తుంది. 1977 నుంచి మనాగ్వా నగరంలో చెవిటి పిల్లల కోసం బడులు తెరిచారు. అంతకు ముందు ఎవరి ఇంట్లో వాళ్ళు ఒంటరిగా సైగలు చేసుకునే పిల్లలు మొదటిసారి ఒకచోట చేరారు. బస్సులో, ఆటస్థలంలో సైగలు కలిశాయి. వాళ్ళ తర్వాత వచ్చిన చిన్నపిల్లలు ఆ సైగలకు పూర్తి వ్యాకరణం తెచ్చిపెట్టారు. ఏ పంతులూ నేర్పని ఒక కొత్త భాష అలా పుట్టింది. తోడు ఉంటే చాలు, పిల్లలు భాషను పుట్టించగలరు కూడా.

మరి ఫోను ఆ తోడు అవుతుందా? ఇప్పుడు పల్లెల్లోనూ బువ్వ తినిపించాలంటే చేతిలో ఫోను పెట్టే అలవాటు వచ్చింది. పత్తి ఏరే రోజుల్లో అలసి వచ్చిన తల్లిని తప్పు పట్టడం ఎవరికీ తగదు. కానీ సంగతి తెలియాలి. 2003లో పరిశోధకురాలు ప్యాట్రీషియా కూల్ అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలను రెండు జట్లు చేసింది. ఒక జట్టుతో చైనా భాష మాట్లాడే మనుషులు పన్నెండు సార్లు కూర్చుని ఆడుకున్నారు. రెండో జట్టుకు అవే మనుషులను, అవే మాటలను టీవీలో చూపారు. మొదటి జట్టు చైనా ధ్వనులు పట్టుకుంది, రెండో జట్టుకు ఏమీ అంటలేదు. తెర మీది బొమ్మ పిల్ల కళ్ళలోకి చూడదు, ఉంగా అంటే ఆగి వినదు. అదే తెర మీద బదులిచ్చే మనిషి ఉంటే సంగతి వేరు. వీడియో కాల్‌లో ఎదుటివాళ్ళు తమ మాటకు మాట కలిపితే రెండేళ్ళు దాటిన పిల్లలు కొత్త క్రియాపదాలు నేర్చుకోగలిగారని 2014లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. డల్లాస్‌లో ఉన్న మనవడితో రోజూ "ఏం తిన్నవ్ కొడుకా?" అని ముచ్చట పెట్టే అవ్వ చేస్తున్న పని చిన్నది కాదు.

మాటలు ఆలస్యమైతే ఊళ్ళలో వినిపించే ఓదార్పులు రెండు. మగపిల్లలకు లేటుగా వస్తాయి, కొంచెం వస నాకిస్తే సరి. వసకొమ్ము మీద నమ్మకం ఎంత పాతదంటే, గలగలా మాట్లాడే పిల్లను నేటికీ వసపిట్ట అనే అంటారు. నమ్మకం ఉండవచ్చు కానీ, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేదీ పెట్టవద్దన్నది వైద్యుల మాట. ఏడాది నిండినా వేలెత్తి చూపకపోతే, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోతే, వచ్చిన మాటలు పోతుంటే, వెనక పళ్ళెం కింద పడినా తిరిగి చూడకపోతే ఆగకూడదు. ముందు చెవులు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి వినికిడి లోపాలు కూడా చూస్తాయి. వినికిడి లోపాన్ని ఎంత తొందరగా గుర్తిస్తే అంత మేలు. తొలి ఏళ్ళలో చెవికి అందని భాషను తర్వాత అందించడం చాలా కష్టం.

ఇన్ని సూత్రాలు సొంతంగా తీసిన పిల్ల అయిదేళ్ళకు బడికి పోతుంది. "వాళ్ళు పోయిన్రు" అంటుంది. పాఠంలో "వెళ్ళారు" అని ఉంటుంది. తప్పు అని ఎవరో ఒకరు దిద్దుతారు. వచ్చిన్రు, తిన్నరు, పోయిన్రు అనేవి ఆ పిల్ల ఇంట్లో వినీ వినీ లెక్క కట్టి పట్టుకున్న నియమం. బడి తెలుగు రెండో తెలుగుగా నేర్పాల్సిందే. మొదటిది మాత్రం తప్పెందుకవుతుంది? 1962లో భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ వృత్తి పదాల మాండలిక కోశం తెచ్చినప్పుడు పండితులు రైతుల నోటి మాట కోసం పొలాలకు వెళ్ళారు. జనం మాట కోసం జీవితమంతా నిలబడిన కవి కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబరు 9, ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు సభలో చెప్పే మంచి మాట ఒకటో తరగతి గది దాకా చేరాలి.

తండా పిల్లల దూరం ఇంకా ఎక్కువ. ఈ ప్రాంతపు లంబాడా ఇళ్ళలో గోర్‌బోలి మాట్లాడతారు. అది రాజస్థానీ వైపు చుట్టరికం ఉన్న భాష. ములుగు అడవుల వైపు పోతే కోయ, అది గోండికి దగ్గరిది. ఆ పిల్లలు అయిదేళ్ళు కూడబెట్టిన వ్యాకరణమంతా గేటు బయట విడిచి లోపలికి రావాల్సి వస్తుంది, లోపల తెలుగు, ఇప్పుడు దాని మీద ఇంగ్లిషు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో బంజారా, కోయ, గోండి సహా ఎనిమిది భాషల్లో చిన్న తరగతులు మొదలుపెట్టారు. 2020 జాతీయ విద్యా విధానం కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషను కోరుతోంది. మాట అందించేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. రేగొండ మండలంలోనే పాండవుల గుట్టల మీద ఆదిమానవులు వేసిన అడవిదున్న, జింక, పులి బొమ్మలున్నాయి. ఎరుపు, పసుపు, తెలుపు రంగులు వేల ఏళ్ళుగా రాతికి అంటుకునే ఉన్నాయి. ఆ బొమ్మలు వేసినవాళ్ళు ఆ దున్నను పిలిచిన పేరు మాత్రం ఏ రాతి మీదా లేదు. పేరు నిలవాలంటే ఒక బిడ్డ దాన్ని ఇంకో బిడ్డకు అందిస్తూ రావాలి.

జాతరకు పోయిన ఆ మూడేళ్ళ పిల్ల పొద్దుగూకాక ఇల్లు చేరుతుంది. మోకాళ్ళ నొప్పులతో ఇంటికాడే ఉండిపోయిన అవ్వ ఒళ్ళో కూలబడుతుంది. చేతిలో ప్లాస్టిక్ బూర, మూతి చుట్టూ ఎర్ర రంగు.

"ఏం జూసినవ్ బిడ్డా?"

"పెద్ద లాత్నం చూడిన అవ్వా. గింత పెద్దది. తిలుగుతాంది, తిలుగుతాంది."

"ఆఁ! ఇంకేం జేసిన్రు?"

పిల్ల మూతి తుడుచుకుంటుంది.

"మేం ఐసు తిన్నం."

"మరి నాకేది?" అంటూ అవ్వ ఆ ఎర్రటి చేతులను తన కొంగుతో తుడుస్తుంది.